ట్రొకెన్ రీస్లింగ్‌కు తగిన భోజనం: ప్రాంతవాది, రుచివాది సంవాదం

తెలుగునాట ‘వైన్స్’ అన్న బోర్డు కింద అమ్ముడయ్యేవి ఎక్కువగా కాచి దించిన మద్యాలూ బీరూ కావడం వల్ల, వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి, కాచకుండా, తేర్చి నిలవచేసిన పానీయమని మొదటే చెప్పుకోవలసి ఉంటుంది. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి తిని ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ చక్కెర దాదాపు పూర్తిగా ఖర్చయిపోయాక మిగిలే, తీపి తెలియని వైన్‌ను జర్మనీలో ట్రొకెన్ అంటారు, ఇతర దేశాల సీసాల మీద డ్రై అని ఉండేది ఇదే. జర్మన్ చట్టం గుర్తించిన నాణ్యమైన వైన్ ప్రాంతాలు 13 ఉండగా, దేశం మొత్తంలోని సుమారు 1,03,000 హెక్టార్ల ద్రాక్షతోటల్లో దాదాపు 24,000 హెక్టార్లలో రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష పండుతుంది. ఆ పేరు మొదటిసారి కనిపించేది 1435 నాటి ఒక లెక్కల పత్రంలో. రైన్, మైన్ నదుల కూడలికి దగ్గరలో ఉన్న రూసెల్స్‌హైమ్ కోట కోసం కొన్న రీస్లింగ్ మొక్కల ఖర్చు అందులో నమోదైంది.

ఇటువంటి వైన్‌ను జర్మనీలో భోజనంతో కలిపి తాగడం వాడుక. ఏ వంటకం పక్కన ఏ సీసా పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం అక్కడి భోజనప్రియుల్లోనూ వైన్ పండితుల్లోనూ రెండు పక్షాలు ఉన్నాయి. వైన్ పుట్టిన నేలే దాని భోజనాన్నీ నిర్ణయిస్తుందని ఒక పక్షం అంటే, నేలతో నిమిత్తం లేకుండా పులుపు, తీపి, ఉప్పు, కొవ్వు, కారాల లెక్కే నిర్ణయిస్తుందని రెండో పక్షం అంటుంది. మొదటి పక్షాన్ని ప్రాంతవాది అనీ రెండో పక్షాన్ని రుచివాది అనీ వ్యవహరిస్తే, వారి వాదోపవాదాలు ఈ క్రమంలో సాగుతాయి.

ప్రాంతవాది: భోజనానికి తగిన వైన్‌ను వెతకడానికి ప్రయోగశాల అక్కరలేదు, ఆ వంటకం పుట్టిన ఊరి ద్రాక్షతోట చాలు. ఒకే నేల, ఒకే చలి పండించిన ద్రాక్షా కూరగాయా ఒకే ఇంటి వంటగదికి చేరినప్పుడు, నప్పని జోడీలు తరతరాల వాడకంలో రాలిపోయి నప్పినవే మిగులుతాయి. మైన్ నది వెంబడి ఉన్న ఫ్రాంకెన్ ప్రాంతంలో వసంతకాలం రాగానే ష్పార్గెల్ వస్తుంది. వెలుతురు తగలకుండా మట్టిగట్ల కింద పెంచి, తెల్లగా ఉండగానే కోసే ఆస్పరాగస్ కాడలు అవి. వాటి పక్కన అక్కడివారు పెట్టేది అక్కడి సిల్వానర్ అనే తెల్లద్రాక్షతో చేసిన ట్రొకెన్ వైన్. జర్మనీలో సిల్వానర్ నాటినట్టు తొలి ఆధారం కూడా అదే ఫ్రాంకెన్‌లోని కాస్టెల్ నుంచి, 1659 నుంచి లభిస్తుంది. ఫాల్ట్స్ ప్రాంతానికి వస్తే అక్కడ జావ్‌మాగెన్ ప్రసిద్ధం. పందిమాంసం, బంగాళదుంప ముక్కలు, మర్జొరమ్ అనే సుగంధపు ఆకు కలిపి పంది కడుపులో కూరి ఉడికించి, బిళ్ళలుగా కోసి పెనం మీద వేయించే వంటకం అది. అదే ప్రాంతంలో పుట్టిన ఛాన్సలర్ హెల్ముట్ కోల్ తన విదేశీ అతిథులను, వారిలో మార్గరెట్ థాచర్ వంటివారిని, డైడెస్‌హైమ్ అనే ఊరికి పిలిచి దానినే వడ్డింపజేసేవాడు. ఆ దగ్గరలోని కాల్‌ష్టాట్‌లో జావ్‌మాగెన్ అనే పేరుతోనే సున్నపునేల గల ద్రాక్షతోట ఒకటి ఉన్నది, దాని నుంచి పేరు మోసిన ట్రొకెన్ రీస్లింగ్ వస్తుంది. వంటకానికీ తోటకూ ఒకే పేరు నిలిచిన చోట, రెండింటి బంధానికి వేరే రుజువు అడగడం ఎందుకు?

రుచివాది: పేరు కలవడం బంధాన్ని చూపవచ్చు గాని కారణాన్ని చూపదు. పక్కపక్కన పుట్టినవి కలిసి వాడుకలోకి రావడానికి, రవాణా కష్టమైన కాలంలో వేరేవి దొరకకపోవడమే కారణం కావచ్చును కదా. కాబట్టి ముందుగా ట్రొకెన్ అంటే ఏమిటో చట్టం చెప్పిన మాటను చూడాలి. లీటరుకు 4 గ్రాములకు మించని చక్కెర మిగిలిన వైన్ ట్రొకెన్; అయితే ఆమ్లం తగినంత ఉన్న పక్షంలో 9 గ్రాముల వరకూ చక్కెర ఉండవచ్చు, షరతు ఏమిటంటే టార్టారిక్ ఆమ్లంగా లెక్కకట్టిన మొత్తం ఆమ్లం ఆ చక్కెర కంటే 2 గ్రాములకు మించి తక్కువ కాకూడదు. 9 గ్రాముల చక్కెర ఉన్న వైన్‌లో కనీసం 7 గ్రాముల ఆమ్లం ఉంటేనే ఆ మాట సీసా మీద వేయవచ్చునన్నమాట. ఈ సూత్రంలో ప్రాంతం ప్రసక్తి లేదు. పులుపు ఎంత ఉంటే అంత మేరకు తీపి నాలుకకు అందదన్న సంగతిని చట్టం రాసిన వారు గుర్తించి, రెండింటినీ ముడిపెట్టారు. ఒక్క గ్రాము చక్కెర ఉన్నదీ తొమ్మిది గ్రాములు ఉన్నదీ ఒకే పేరుతో చెలామణీ అవుతున్నప్పుడు, ట్రొకెన్ రీస్లింగ్‌కు ఫలానా వంటకం నప్పుతుందని ఊరి పేరు చూసి తేల్చడం తొందరపాటు అవుతుంది.

ప్రాంతవాది: చట్టం గీసేది గీత మాత్రమే, ఆ గీతకు ఇవతల ఉన్న వైన్‌కు గుణం ఇచ్చేది నేలా వాతావరణమే. రైన్‌గావ్ ప్రాంతంలోని యోహానిస్‌బెర్గ్ 50వ ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే ద్రాక్ష పండగల ఉత్తరపు అంచుకు దగ్గరగా ఉంది. అక్కడ 1720లో కొండవాలు అంతా రీస్లింగే నాటించారు. రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం కావడం వల్ల, అంత ఉత్తరాన, చల్లని శరత్కాలంలో, కాయలో చక్కెర నెమ్మదిగా పేరుకుంటున్నా ఆమ్లం కరిగిపోదు. వెచ్చని దేశాల్లో పండు ముదిరే వేళకు పులుపు పడిపోతుంది. ఇక్కడ అది నిలుస్తుంది. మోజెల్ నది ఒడ్డున పలకరాయి నిండిన నిటారు వాలుల్లో, సూర్యరశ్మిని పట్టుకోవడానికి దక్షిణంగా తిరిగిన కొండముఖాల మీద తోటలు వేయడం కూడా ఈ చలితో సర్దుకుపోవడానికే. లీటరుకు 7 నుంచి 9 గ్రాముల ఆమ్లం రీస్లింగ్‌కు సహజం కావడం ఆ నేల చలువే అయినప్పుడు, మీరు చెప్పే లెక్కకు మొదటి అంకెను వేసిచ్చేదే ప్రాంతం.

రుచివాది: ఆ మాట ఒప్పుకోదగినదే, అయితే అప్పుడు పనిచేసేది ఆమ్లమే గాని ఊరు కాదని కూడా ఒప్పుకోవాలి. పలకరాయి రుచే వైన్‌లోకి ఎక్కుతుందని కొందరు నమ్ముతారు గాని, రాతిలోని ఖనిజాలు రుచిగా తెలిసేంత పరిమాణంలో పండులోకి చేరవని భూగర్భ శాస్త్రజ్ఞులు వాదిస్తారు. రాయి చేసేది నీటిని జారవిడవడం, వేడిని నిలపడం, వేళ్ళకు చోటివ్వడం. అది అలా ఉండగా, మీ వాదానికి మూలస్తంభమైన తరతరాల పరీక్షను కూడా కాస్త తరచి చూడవలసి ఉంది. ఈస్టును పూర్తిగా అడ్డగించగల సన్నని వడపోతను బాడ్ క్రొయిట్స్‌నాఖ్ పట్టణంలోని సైట్స్ సంస్థ 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో తయారుచేశాక, పులియడాన్ని మధ్యలో ఆపి తీపిని నిలపడం తేలికయింది. పులియని ద్రాక్షరసాన్ని తీసిపెట్టి, వైన్ సిద్ధమయ్యాక తీపి కోసం కలిపే పద్ధతి కూడా రెండో ప్రపంచయుద్ధానంతర దశాబ్దాల్లో విస్తరించింది. 1971 నాటి వైన్ చట్టం నాణ్యతను కోతనాటి రసంలోని చక్కెరతో కొలిచింది. ఆ కాలంలో ఇంగ్లండుకూ అమెరికాకూ జర్మన్ వైన్ అంటే లీబ్‌ఫ్రావ్‌మిల్ఖ్ అనే చవక తీపి వైన్‌గానే తెలుసు. రైన్‌గావ్ ఉత్పత్తిదారులు భోజనానికి పనికొచ్చే రీస్లింగ్‌ను మళ్ళీ నిలబెట్టాలని ఖార్టా అనే సంఘంగా ఏర్పడింది 1984లో. ఆపైన 1985లో, ఆస్ట్రియా వైన్లలో తీపికీ చిక్కదనానికీ డైఎథిలీన్ గ్లైకాల్ కలిపిన కల్తీ బయటపడి, ఆ మచ్చ కొందరు జర్మన్ వ్యాపారులకూ అంటుకోవడంతో, తీపి వైన్ మీద నమ్మకం సడలి ట్రొకెన్ వైపు మొగ్గు పెరిగింది. పేరున్న తోటల ట్రొకెన్ వైన్‌కు గ్రోసెస్ గెవెక్స్, అంటే మహాక్షేత్రపు వైన్, అన్న హోదా వచ్చింది ఈ శతాబ్ది మొదట్లో. ట్రొకెన్‌ను సనాతనమని చెప్పే ముందు ఈ తేదీలను గమనించాలి.

ప్రాంతవాది: ఆ తేదీలు తీపి యుగానికి చెందినవే గాని ట్రొకెన్ పుట్టుకకు చెందినవి కావు. మీరు చెప్పిన వడపోత రాకముందు పరిస్థితి ఏమిటో మీ మాటల్లోనే ఉంది: ఈస్టును ఆపే సాధనం లేని కాలంలో, పెద్ద చెక్క పీపాల్లో నెలల తరబడి ఉన్న సామాన్యపు వైన్, చలికాలం పోయి వెచ్చబడగానే మళ్ళీ పులిసి, మిగిలిన చక్కెరను పోగొట్టుకునేది. ఎండి ముడుతలు పడిన పండ్లను ఏరి చేసిన అరుదైన తీపి వైన్లు రాజులకూ బిషప్పులకూ చేరేవి. పల్లెవాడు రొట్టెతో తాగినది తీపి లేనిదే. ఎగుమతి సీసాల్లో ఉన్నది చూసి ఊరి భోజనాన్ని అంచనా వేయకూడదు. అందువల్ల 1984లో జరిగినది కొత్త ఆవిష్కరణ కాదు, పాత అలవాటు మళ్ళీ తలెత్తడమే.

రుచివాది: పీపాల సంగతి వరకూ ఆ సవరణ న్యాయమే. ఇక వంటకాలనే సాక్షులుగా పిలిచి చూద్దాం. ష్పార్గెల్ పక్కన ఫ్రాంకెన్‌వారు సిల్వానర్ పెట్టడం నిజమే, కాని అది అక్కడ పండినందువల్ల నప్పదు. ఆస్పరాగస్ కాడలో గంధక సమ్మేళనాలూ కొద్దిపాటి చేదూ ఉంటాయి. ఆ చేదు వైన్‌లోని వగరునూ చెక్క వాసననూ రెచ్చగొట్టి నాలుక మీద లోహపు రుచిని మిగులుస్తుంది. అందువల్ల దానికి వగరు లేని, చెక్క వాసన ఎక్కని, పులుపు మరీ కొట్టని వైన్ కావాలి. సిల్వానర్‌లో రీస్లింగ్ కంటే ఆమ్లం తక్కువ, సువాసన మెత్తన. ఫ్రాంకెన్‌లో సంప్రదాయంగా ట్రొకెన్ అంటే 4 గ్రాముల లోపు చక్కెరే కాబట్టి కాడలోని సహజమైన తీపికి పోటీ కూడా ఉండదు. కరిగించిన వెన్నతో వడ్డిస్తే ఈ జోడీ చక్కగా కుదురుతుంది. అదే కాడలను గుడ్డు పచ్చసొన, వెన్న, నిమ్మరసం గిలక్కొట్టి చేసే హాలండేజ్ సాస్‌తో వడ్డిస్తే, వెన్న బరువునూ నిమ్మ పులుపునూ తట్టుకోవడానికి ఇంకొంచెం పులుపున్న రీస్లింగ్ మేలవుతుంది. కాడ మారలేదు, ఊరు మారలేదు, సాస్ మారగానే సీసా మారింది.

జావ్‌మాగెన్ సంగతీ అంతే. అందులో కొవ్వు ఉన్నది, ఉప్పు ఉన్నది, వేయించిన కమ్మదనం ఉన్నది. కొవ్వు నోటిలో పొరలా పరుచుకున్నప్పుడు ఆమ్లం లాలాజలాన్ని ఊరించి నోటిని తేటపరుస్తుంది. ఉప్పేమో వైన్ పులుపును నాలుకకు తగ్గించి చూపి, పండు రుచిని నిండుగా తెలిసేలా చేస్తుంది. కొవ్వూ ఉప్పూ ఇదే పాళ్ళలో ఉన్న వంటకం ఏ దేశంలో వండినా అదే వైన్ అక్కడా నిలబడుతుంది.

ప్రాంతవాది: కారణం వివరించడం వేరు, జోడీని కనుక్కోవడం వేరు. గంధకం పేరు తెలియని గృహిణి ఆ కాడల పక్కన ఏది పెట్టాలో తెలుసుకుంది. మీ శాస్త్రం ఆమె వెనక నడిచి ఆమె చేసినదానికి కారణం రాసుకుంది. మరొక సాక్ష్యం ఫ్రాంక్‌ఫర్ట్ పచ్చసాస్. ఏడు రకాల ఆకులు సన్నగా తరిగి, పులిసిన మీగడతో కలిపి, ఉడికించిన గుడ్లతోనూ బంగాళదుంపలతోనూ తింటారు. ఐరోపా సమాఖ్య 2016లో దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ ఏడింటిలో పుల్లని ఆకు ఒకటి మన చుక్కకూర జాతికి చెందినదే. పుల్లని ఆకు, పుల్లని మీగడ, పచ్చి ఉల్లికాడ ఘాటు ఉన్న ఈ చల్లని సాస్‌కు పక్కనే ఉన్న రైన్‌గావ్ ట్రొకెన్ రీస్లింగ్ తోడవుతుంది. మోజెల్ లోయలో వాగుచేప ట్రౌట్‌ను వెనిగర్ కలిపిన నీటిలో మెల్లగా ఉడికిస్తే చర్మం మీది జిగురుపొర నీలంగా మారుతుంది. దానినే నీలి ట్రౌట్ అంటారు. పక్కనే పలకరాతి వాలు మీది రీస్లింగ్ ఉంటుంది. వాగూ వాలూ ఒకే చోట ఉన్నందువల్లనే ఈ జోడీ ఏర్పడింది.

రుచివాది: ఆ రెండు సాక్ష్యాలూ రుచి పక్షానికే బలం. ఆహారంలో పులుపు ఉన్నప్పుడు వైన్‌లో కనీసం అంత పులుపైనా ఉండాలి, లేకపోతే వైన్ చప్పబడి నీళ్ళలా తోస్తుంది. ఇది ఈ విద్యలో మొదటి సూత్రం. చుక్కకూర వంటి ఆకుకూ వెనిగర్ నీటికీ రీస్లింగ్ సరిపోవడం ఆ సూత్రం వల్లనే. ట్రౌట్ విషయంలో ఇంకొక కారణం కూడా ఉంది: ఎర్ర వైన్లలో తరచుగా ఎక్కువ పాళ్ళలో ఉండే ఇనుము చేపలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి నీచు వాసన పుట్టిస్తుందని పరిశోధన తేల్చింది, ఇనుము తక్కువగా ఉండే తెల్ల వైన్‌లో ఆ బెడద తక్కువ. ఇక ప్రాంత సూత్రం పూర్తిగా తడబడే చోటు మాట్యెస్. గుడ్లు పెట్టే వయసు రాని హెర్రింగ్ చేపను లేత ఉప్పునీటిలో మాగబెట్టి, మీగడ, ఆపిల్, ఉల్లి ముక్కలతో తినే వంటకం అది. ఎల్బ నది ఒడ్డున గ్లూక్‌ష్టాట్ దానికి పేరు పొందింది. ఆ ఉత్తర తీరం 13 ద్రాక్ష ప్రాంతాల్లో దేనిలోనూ లేదు. అయినా ఉప్పు, కొవ్వు, మీగడ, ఆపిల్ పులుపు కలిసిన ఆ పళ్ళానికి ట్రొకెన్ రీస్లింగ్ సొంత ఊరి వంటకానికి కుదిరినట్టే కుదురుతుంది. దానికి ఏ తోటను సాక్ష్యం తెస్తారు?

ప్రాంతవాది: తోటను కాదు, నదిని తెస్తే సరిపోతుంది. మధ్యయుగాల్లో రైన్ నది వర్తకపు రాజబాట. ఉప్పు పట్టిన హెర్రింగ్ పీపాలు సముద్రం నుంచి ఎదురు ప్రవాహంలో కొలోన్ నగరానికి వచ్చేవి, ఎగువ రైన్ వైన్ పీపాలు అదే నగరం మీదుగా ఉత్తరపు రేవులకు దిగేవి. హాన్సా అనే వర్తక నగరాల కూటమిలో కొలోన్‌ను వైన్ ఇల్లుగా చెప్పుకున్నారు. చేపా వైన్ ఒకే రేవులో కలిసినప్పుడు ఆ జోడీకి పుట్టినిల్లు లేదనడం సరికాదు. ప్రాంతమంటే తోట గట్ల మధ్య ఉన్న నేల ఒక్కటే కాదు, మనుషులూ సరుకులూ నడిచిన దారి కూడా.

రుచివాది: ప్రాంతాన్ని అంత విశాలం చేస్తే ఆ మాటకు హద్దే ఉండదు, నది చేరిన చోటల్లా ప్రాంతమే అయితే సముద్రం చేరిన చోటు కూడా అవుతుంది. దానిని అలా ఉంచి, సొంత నేల వంటకమే సొంత వైన్‌ను ఓడించే సందర్భాన్ని చూడాలి. రైన్‌లాండ్ జావర్‌బ్రాటెన్ అంటే మాంసాన్ని వెనిగర్‌లోనూ మసాలాల్లోనూ కొన్ని రోజులు నానబెట్టి ఉడికించి, ఎండుద్రాక్షలూ సుగంధద్రవ్యాల తీపి రొట్టె పొడీ వేసి చిక్కబరిచిన పులుసుతో వడ్డించే వంటకం. రైన్ ఒడ్డున పుట్టినా దాని పక్కన ట్రొకెన్ రీస్లింగ్ నిలబడదు, ఎందుకంటే పులుసులోని తీపి వైన్‌లోని పండు రుచిని మింగేసి, పులుపును మాత్రం మొనలా బయటపెడుతుంది. తీపి ఉన్న ఆహారానికి అంతకు తగ్గని తీపి ఉన్న వైన్ కావాలన్నది రెండో సూత్రం. ఆ సూత్రాన్ని ఊరి అభిమానం రద్దు చేయలేదు.

ప్రాంతవాది: జావర్‌బ్రాటెన్ విషయంలో ట్రొకెన్ ఓడిపోతుందని ఒప్పుకోక తప్పదు. అయితే రైన్ తీరం ఒక్క సీసాతో ఆగిపోదు. అక్కడే కొంచెం తీపి మిగిలిన హాల్ప్‌ట్రొకెన్ ఉంది, చట్టం అంకె కట్టకపోయినా దాదాపు అదే మధ్యస్థితిని సూచించే ఫైన్‌హెర్ప్ ఉంది, ఆలస్యంగా కోసిన పండ్ల నుంచి వచ్చే ష్పేట్‌లేజె ఉంది, ష్పేట్‌బుర్గుండర్ అనే ఎర్రద్రాక్ష వైన్ ఉంది. పుల్లని తీపి మాంసానికి వాటిలో ఒకటి ముందుకు వస్తుంది. ప్రాంతం ట్రొకెన్‌నే పట్టుకు వేళ్ళాడదు. దాని హద్దు దానికి తెలుసు.

రుచివాది: హద్దు తెలిసిందన్న మాటతో సంవాదం దగ్గరి దారికి వచ్చింది. ఇక చివరి పరీక్ష ఏ జర్మన్ నదికీ సంబంధం లేని పళ్ళెంతో పెట్టాలి. ఉద్యోగాలకూ చదువులకూ వెళ్ళి ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ వంటి నగరాల్లో ఉంటున్న తెలుగువారి ఇళ్ళల్లో ఇటువంటి భోజనం నిజంగానే జర్మన్ సీసా పక్కకు రావచ్చు. ద్రాక్షలో ప్రధానమైన టార్టారిక్ ఆమ్లమే చింతపండులోనూ ప్రధానమైన ఆమ్లం. అందువల్ల పులిహోర, ముద్దపప్పుతో తినే చారు, కారం తగ్గించి వండిన చేపల పులుసు వంటివాటి పులుపును తట్టుకునే శక్తి, మెత్తని పులుపున్న చాలా వైన్లకు లేకపోయినా, ట్రొకెన్ రీస్లింగ్‌కు ఉంటుంది. ఇక్కడ ప్రాంతం ఏమీ చెప్పలేదు, ఆమ్లం చెబుతుంది. అయితే కారం పెరిగిన కొద్దీ లెక్క తిరగబడుతుంది. మిరపలోని కాప్సైసిన్ నోటిలో వేడిని గుర్తించే నాడీగ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. ఆల్కహాలు కూడా అదే గ్రాహకం మీద పనిచేసి మంటను పెంచుతుంది. చక్కెర ఆ మంటను తగ్గించి చూపుతుంది. ట్రొకెన్ రీస్లింగ్‌లో ఆల్కహాలు సాధారణంగా 11.5 నుంచి 13 శాతం, చక్కెర నామమాత్రం. అంటే కారానికి తోడ్పడే గుణం ఉంది గాని దాన్ని తగ్గించే గుణం లేదు. గోంగూర మాంసం వంటి పులుపూ కారమూ కలిసిన వంటకానికి మోజెల్‌లో చేసే, ఆల్కహాలు 8 శాతం దరిదాపుల్లో ఉండి తీపి మిగిలిన కాబినెట్ అనే రీస్లింగ్ మేలు. పులుపుకు పులుపు అందులోనూ ఉంది, కారానికి తీపి ఉంది, మంట పెంచే ఆల్కహాలు తక్కువ.

ప్రాంతవాది: ఆ తర్కంలో తప్పు పట్టడానికి లేదు. అయితే చివరగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. దుకాణంలో నిలబడిన కొనుగోలుదారు మీరు చెప్పిన ఆమ్లాన్ని ఎలా తెలుసుకుంటాడు? సీసా మీద ఆల్కహాలు శాతం ఉంటుంది, ట్రొకెన్ అన్న మాట ఉంటుంది, ప్రాంతం పేరు ఉంటుంది. లీటరుకు ఆమ్లం ఎంతో వేయాలని చట్టం అడగదు. ఉన్న వాటిలో ఆమ్లాన్ని సూచించేది ప్రాంతమూ ద్రాక్షరకమూ పండిన సంవత్సరమూ మాత్రమే. చల్లని మోజెల్, నాహె, రైన్‌గావ్ రీస్లింగ్ అంటే పులుపు మొన తేలి ఉంటుందనీ, వెచ్చని ఫాల్ట్స్‌లో అదే రకం కాస్త నిండుగా వస్తుందనీ, ఇంకా దక్షిణాన బాడెన్‌లో పేరున్న గ్రావ్‌బుర్గుండర్, వైస్‌బుర్గుండర్ అనే తెల్ల వైన్లలో పులుపు తగ్గి ఒళ్ళు పెరుగుతుందనీ తెలిసినవాడు, ప్రయోగశాల లేకుండానే మీ సూత్రాన్ని అమలు చేయగలుగుతాడు. ప్రాంతాన్ని తీసేస్తే మీ సూత్రం చేతిలో ఉంటుంది, అందులో వేయడానికి అంకె ఉండదు.

రుచివాది: ఆ ప్రశ్నకు ప్రాంతం కంటే మంచి జవాబు సీసా మీద లేదన్నది నిజం. మాట ఒక్కటే మిగిలింది: ప్రాంతాన్ని ఆమ్లం జాడగా చదివితే అది దారి చూపుతుంది, వంటకానికి హక్కుదారుగా చదివితే దారి తప్పిస్తుంది.

ఈ సంవాదంలో తేలినదాన్ని నిర్ణయంగా కూర్చవచ్చు. ప్రాంతవాదం కాలం పెట్టిన పరీక్షలో నెగ్గిన జోడీలను భద్రపరుస్తుంది, సీసా మీద కనబడని ఆమ్లానికి గుర్తుగా పనికొస్తుంది. అయితే దాని మాట సొంత నేల దాటిన వంటకం దగ్గర ఆగిపోతుంది, జావర్‌బ్రాటెన్ వంటి చోట సొంత నేలలోనే తప్పుతుంది. రుచివాదం ఆ జోడీలు ఎందుకు నిలిచాయో చెబుతుంది, వాటిని ఇతర దేశాల భోజనానికి విస్తరింపజేస్తుంది. అయితే సీసా ఎన్నుకునే వేళ ప్రాంతజ్ఞానం సాయం లేకుండా అది పనిచేయదు. తగువులో ఉన్న అసలు అంశం వైన్ తీపిదా కాదా అన్నది కాక పులుపు ఎంత అన్నది కాబట్టి, రెండు పక్షాలూ వేర్వేరు దారుల్లో దానినే వెతుకుతున్నాయని గుర్తించడం న్యాయం. పరిశీలించవలసిన క్రమాన్ని చూస్తే పళ్ళెం ముందు, సీసా తరువాత. వంటకంలో తీపి గాని కారం గాని పైచేయిగా ఉంటే ట్రొకెన్‌ను పక్కనపెట్టాలి. ఉప్పు, కొవ్వు, పులుపు పైచేయిగా ఉంటే దానినే పిలవాలి. పులుపు ఎంత హెచ్చితే అంత చల్లని ప్రాంతం వైపు జరగాలి, పులుపు తగ్గి వెన్న, మీగడ హెచ్చితే వెచ్చని ప్రాంతం వైపో సిల్వానర్ వైపో జరగవచ్చు. మరీ చల్లబరిస్తే సువాసన ముడుచుకుంటుంది, వెచ్చబడితే ఆల్కహాలు పైకి తేలుతుంది. అందువల్ల 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ మధ్య వడ్డించడం తగినది.

సీసా ముందు నిలబడిన పాఠకుడికి ఇంకొక ఆనవాలు కూడా పనికొస్తుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది కాబట్టి, తీపి సంగతి పైకి రాయని జర్మన్ రీస్లింగ్ మీద 12 శాతమో అంతకు మించో కనిపిస్తే చక్కెర దాదాపు అంతా పులిసిందనీ, 8, 9 శాతం మాత్రమే కనిపిస్తే చెప్పుకోదగిన తీపి లోపల మిగిలి ఉందనీ సాధారణంగా తెలుసుకోవచ్చు.